డబ్ల్యుడిఎస్-6 (డీజిల్ షంటింగు ఇంజను)

డబ్ల్యుడిఎస్-6 అనేది భారతీయ రైల్వేలలో షంటింగు పనికి వాడే డీజిల్-విద్యుత్ ఇంజన్ల తరగతి. వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ దీనిని 1970ల ద్వితీయార్ధం నుండి తయారు చేసింది. 2020 అక్టోబరులో ఈ కర్మాగారం పేరు బనారస్ లోకోమోటివ్ వర్క్స్‌గా మారింది. రైల్వే యార్డులలోనే కాక ఉక్కు కర్మాగారాలు, ఓడరేవులు, థర్మల్ విద్యుత్ కేంద్రాలలో కూడా ఈ తరగతి ఇంజన్లు పని చేశాయి. దేశంలోని బ్రాడ్‌గేజి మార్గాలు దాదాపు పూర్తిగా విద్యుదీకరణ పొందిన తరువాత ఈ ఇంజన్ల అవసరం ఎంతవరకు మిగిలి ఉన్నది అన్నది నేడు చర్చనీయాంశం. ఈ వ్యాసంలో ఇంజను వివరాలతో పాటు హైదరాబాదు, ఇతర తెలుగు ప్రాంతాల ఉదాహరణలతో ఆ చర్చ కూడా వివరించబడినది.

షంటింగు అంటే ఏమిటి

పెట్టెలను, వ్యాగన్లను ఒక లైను నుండి మరొక లైనుకు మార్చడం, వాటిని విడదీయడం, కలపడం, బండిగా కూర్చడం, ఖాళీ బండిని శుభ్రపరచే లైనుకు తీసుకొని పోవడం వంటి పనులన్నిటినీ కలిపి షంటింగు అంటారు. ఈ పనిలో దూరం తక్కువ, వేగం తక్కువ, ఆగడం, కదలడం ఎక్కువ. కనుక షంటింగు ఇంజనుకు కావలసినది వేగం కాదు. బరువైన బండిని నిలకడ నుండి కదిలించే లాగుడు శక్తి, నడక కంటే నెమ్మదిగా కూడా జర్కు లేకుండా నడిచే గుణం, ముందు వెనుకలకు చక్కగా చూడగలిగే క్యాబిను ముఖ్యం.

దీని అవసరం అర్థం కావడానికి నాంపల్లిలోని హైదరాబాదు స్టేషను మంచి ఉదాహరణ. ఇక్కడ లైన్లు ప్లాట్‌ఫారం చివర అంతమవుతాయి. వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఇంజను, ముందు గోడకు, వెనుక తన పెట్టెలకు మధ్య చిక్కుకొని పోతుంది. వేరొక ఇంజను వెనుక నుండి వచ్చి పెట్టెలను లాగివేస్తే గాని అది బయటపడదు. ఆ వేరొక ఇంజనే షంటింగు ఇంజను. కాచిగూడ వంటి, రెండు వైపులా లైన్లు సాగే స్టేషన్లలో ఈ ఇబ్బంది లేదు. అయితే అక్కడ కూడా ప్రయాణం ముగిసిన బండ్లను నిర్వహణ లైన్లకు చేర్చడం, పాడైన పెట్టెను తీసి మరొకటి చేర్చడం వంటి పనులు ఉంటాయి.

పేరులోని అక్షరాలు

భారతీయ రైల్వేలలో ఇంజను తరగతి పేరు కొన్ని అక్షరాలతో ఏర్పడుతుంది. రైల్వే నియామక పరీక్షలలో ఈ విషయం తరచుగా అడుగుతారు.

* మొదటి అక్షరం గేజిని తెలుపుతుంది. డబ్ల్యు అంటే బ్రాడ్‌గేజి (1,676 మి.మీ.), వై అంటే మీటరుగేజి, జడ్ అంటే రెండున్నర అడుగుల నారోగేజి, ఎన్ అంటే రెండు అడుగుల నారోగేజి.
* రెండవ అక్షరం చోదక శక్తిని తెలుపుతుంది. డి అంటే డీజిల్, ఎ అంటే ఏసీ విద్యుత్, సి అంటే డీసీ విద్యుత్.
* మూడవ అక్షరం పనిని తెలుపుతుంది. జి అంటే గూడ్సు, పి అంటే ప్రయాణికుల బండ్లు, ఎమ్ అంటే రెండు రకాలూ, ఎస్ అంటే షంటింగు.
* చివరి అంకె ఆ రకంలో ఎన్నవ నమూనా అన్నది తెలుపుతుంది.

చివరి అంకె విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ప్రధాన మార్గపు డీజిల్ ఇంజన్లకు తరువాతి కాలంలో కొత్త పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో అంకె అశ్వశక్తిని వేలలో సూచిస్తుంది. డబ్ల్యుడిఎమ్-3ఎ అంటే 3,100 అశ్వశక్తి, డబ్ల్యుడిఎమ్-3డి అంటే సుమారు 3,300 అశ్వశక్తి. షంటింగు ఇంజన్లకు ఈ పద్ధతి వర్తించదు. కనుక డబ్ల్యుడిఎస్-6 అంటే 6,000 అశ్వశక్తి అని అర్థం కాదు, ఆరవ నమూనా అని మాత్రమే.

చరిత్ర

భారతదేశంలో బ్రాడ్‌గేజిపై డీజిల్ ఇంజన్లు మొదట నిలదొక్కుకున్నది ప్రధాన మార్గాలలో కాదు, యార్డులలోనే. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1944-45లో, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ నుండి దిగుమతి అయిన డబ్ల్యుడిఎస్-1 ఇంజన్లు ఈ కోవలో మొదటివి. ఆవిరి ఇంజను పనిలో లేనప్పుడు కూడా బొగ్గు మండిస్తూ, నీరు కాస్తూ ఉండాలి. యార్డులో ఇంజను ఎక్కువ సమయం ఎదురుచూస్తూనే గడుపుతుంది. కావున ఆవిరి స్థానంలో డీజిల్ రావడం వల్ల కలిగే లాభం యార్డులోనే ముందుగా కనిపించింది.

స్వదేశీ తయారీలో మొదటి ముఖ్యమైన షంటింగు తరగతి డబ్ల్యుడిఎస్-4. పశ్చిమ బెంగాలులోని చిత్తరంజన్ లోకోమోటివ్ వర్క్స్ దీనిని 1960ల చివరి నుండి తయారు చేసింది. ఇది డీజిల్-హైడ్రాలిక్ ఇంజను. అంటే డీజిల్ యంత్రపు శక్తి నూనె ప్రవాహం ద్వారా చక్రాలకు చేరుతుంది. మూడు ఇరుసులను పక్కనుండే కడ్డీలు కలుపుతాయి. దీని శక్తి ఉపరకాన్ని బట్టి 600 నుండి 700 అశ్వశక్తి. కొన్ని ఉపరకాలలో వాడిన సూరి ట్రాన్స్‌మిషన్‌ను రూపొందించినవారు భారతీయ రైల్వే ఇంజనీరు మన్ మోహన్ సూరి. ఆయనకు 1962లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది.

వారణాసి కర్మాగారం అమెరికాకు చెందిన ఆల్కో సంస్థ సాంకేతిక పరిజ్ఞానంతో ఏర్పడింది. అక్కడి మొదటి ఇంజను 1964 జనవరిలో బయటకు వచ్చింది. అది 2,600 అశ్వశక్తి గల డబ్ల్యుడిఎమ్-2. మీటరుగేజి కోసం అదే కర్మాగారం ఆరు సిలిండర్ల ఆల్కో యంత్రంతో వైడిఎమ్-4 ఇంజను తయారు చేసింది. ఆ మీటరుగేజి యంత్రాన్ని బ్రాడ్‌గేజి చట్రంపై అమర్చి, షంటింగుకు అనువుగా మార్చినదే డబ్ల్యుడిఎస్-6. ఆల్కో సంస్థ 1969లోనే ఇంజన్ల తయారీ మానివేసినా, దాని యంత్రాలు భారతదేశంలో ఆ తరువాత దశాబ్దాల పాటు తయారవుతూనే ఉన్నాయి.

సాంకేతిక వివరాలు

* గేజి: 1,676 మి.మీ. (బ్రాడ్‌గేజి)
* డీజిల్ యంత్రం: ఆల్కో 251-డి, వరుసగా 6 సిలిండర్లు
* శక్తి: 1,350 అశ్వశక్తి (తరువాతి వాటిలో కొంత ఎక్కువ)
* చక్రాల అమరిక: మూడేసి ఇరుసుల బోగీలు రెండు, ఆరు ఇరుసులూ మోటారు కలవే
* బరువు: సుమారు 126 టన్నులు
* శక్తి ప్రసారం: విద్యుత్

ఇందులో డీజిల్ యంత్రం ఒక జనరేటరును తిప్పుతుంది. ఆ విద్యుత్తు ఇరుసులపై ఉన్న మోటార్లకు చేరి చక్రాలను నడిపిస్తుంది. తిరుగుతున్న యంత్రానికి, చక్రాలకు మధ్య గేర్ల బంధం లేనందువల్ల నిలకడ నుండి కదిలేటప్పుడు గరిష్ఠ బలం లభిస్తుంది. బరువంతా మోటారు గల ఇరుసులపైనే పడుతుంది కనుక చక్రాలు జారకుండా పట్టు దొరుకుతుంది. డబ్ల్యుడిఎస్-4తో పోల్చితే ఇది సుమారు రెట్టింపు శక్తి కలది. ప్రయాణికుల పెట్టెల షంటింగుకు డబ్ల్యుడిఎస్-4 చాలు. బొగ్గు, ముడి ఇనుము, సిమెంటు వంటి భారీ సరకుల బండ్లకు డబ్ల్యుడిఎస్-6 అవసరమయింది.

ప్రధాన మార్గపు డబ్ల్యుడిఎమ్-2లో 16 సిలిండర్లు ఉండగా దీనిలో 6 మాత్రమే ఉన్నాయి. రెండూ ఒకే ఆల్కో 251 కుటుంబానికి చెందినవి కావడంతో షెడ్డులలో మరమ్మతు అనుభవం, అనేక విడిభాగాలు ఉమ్మడిగా పనికివచ్చాయి. ఈ తరగతి దీర్ఘకాలం నిలవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

తెలుగు ప్రాంతాలలో

దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడింది. కాజీపేట, మౌలాలి, విజయవాడ, గుత్తి, గుంతకల్లు, విశాఖపట్నం తెలుగు ప్రాంతాలలో పేరొందిన డీజిల్ షెడ్డులు.

రైల్వేల బయట కూడా షంటింగుకు పెద్ద పని ఉన్నది. విశాఖపట్నం ఓడరేవుకు, విశాఖ ఉక్కు కర్మాగారానికి తమ సొంత రైలు మార్గాలు ఉన్నాయి. 2,600 మెగావాట్ల సామర్థ్యం గల రామగుండం ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం సింగరేణి గనుల నుండి బొగ్గును తన సొంత లైనుపై తెచ్చుకుంటుంది. గని వద్ద నింపుకొని, కేంద్రం వద్ద ఖాళీ చేసి, ఆగకుండా తిరిగి గనికి పోయే ఈ చక్రాకార రవాణా పద్ధతికి 'మెర్రీ గో రౌండ్' అని పేరు. విద్యుత్తు ఉత్పత్తి చేసే కేంద్రానికే బొగ్గు తెచ్చే ఇంజను చాలాకాలం డీజిల్‌తో నడవడం వింతగా తోచవచ్చు. దీనికి కారణం కింద ఇవ్వబడినది.

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగర్ పరిసరాలు

హైదరాబాదులోని ఈ మూడు పేటలకు తూర్పు వైపున సికింద్రాబాదు నుండి కాచిగూడ మీదుగా ఫలక్‌నుమాకు పోయే రైలు మార్గం కలదు. నారాయణగూడకు చేరువలో ఉన్న కాచిగూడ స్టేషను భవనం 1916లో నిర్మించబడినది. ఒకప్పుడు ఇది నిజాం రైల్వేకు ముఖ్య కేంద్రం.

ఈ పరిసరాలలో రైలు రవాణా మారిన తీరును చూస్తే షంటింగు అవసరం ఎలా తగ్గుతున్నదో స్పష్టమవుతుంది. 2003 ఆగస్టులో హైదరాబాదులో ఎంఎంటీఎస్ బండ్లు ప్రారంభమయ్యాయి. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు మెట్రో మార్గం ప్రారంభమై, ఆర్‌టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడలలో మెట్రో స్టేషన్లు వచ్చాయి. 2023 సెప్టెంబరు 24న కాచిగూడ - యశ్వంతపూర్ వందే భారత్ ఎక్స్‌ప్రెస్ మొదలయింది. ఈ మూడు రకాల బండ్లకూ రెండు చివరలా డ్రైవరు క్యాబిన్లు ఉన్నాయి. చివరి స్టేషనులో లోకో పైలట్ ఒక చివర దిగి రెండవ చివర ఎక్కితే చాలు, ఇంజను మార్చవలసిన పని లేదు. 2023 డిసెంబరు 30న ప్రారంభమైన అమృత్ భారత్ బండ్లకు కూడా రెండు చివరలా ఇంజన్లు ఉంటాయి.

ఈ పేటలకు రైల్వేతో మరొక సంబంధం కూడా కలదు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్ నగర్‌లోని శిక్షణ కేంద్రాలు, చుట్టుపక్కల వసతి గృహాలు ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులకు నెలవు. వారిలో రైల్వే పరీక్షలు రాసేవారు కూడా ఉన్నారు. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగాలకు 2024 ప్రకటనలో మొదట 5,696 ఖాళీలు చూపగా, తరువాత ఆ సంఖ్యను 18,799కి పెంచారు. 2025 ప్రకటనలో 9,970 ఖాళీలు చూపారు. ఈ ఉద్యోగంలో చేరినవారు పదోన్నతి క్రమంలో లోకో పైలట్ (షంటింగు), లోకో పైలట్ (గూడ్సు), లోకో పైలట్ (ప్యాసింజరు), లోకో పైలట్ (మెయిల్) అనే మెట్లు ఎక్కుతారు. అంటే ఇంజనును స్వతంత్రంగా నడిపే మొదటి బాధ్యత షంటింగులోనే లభిస్తుంది. కావున షంటింగు ఇంజన్ల భవిష్యత్తు వీరికి కేవలం పరీక్షలోని ప్రశ్న కాదు.

విద్యుదీకరణ ప్రభావం

2018 సెప్టెంబరు 12న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం మిగిలిన బ్రాడ్‌గేజి మార్గాలన్నిటి విద్యుదీకరణకు ఆమోదం తెలిపింది. ఇందులో 108 సెక్షన్లలో 13,675 కిలోమీటర్ల మార్గం ఉన్నది. అంచనా వ్యయం రూ. 12,134.50 కోట్లు. అంటే సగటున కిలోమీటరుకు సుమారు రూ. 89 లక్షలు. 2025 నాటికి దేశంలోని బ్రాడ్‌గేజి మార్గాలలో 98 శాతానికి పైగా విద్యుదీకరణ పూర్తయింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో ఇది పూర్తి అయినట్లు రైల్వే శాఖ ప్రకటించింది. 2030 నాటికి కర్బన ఉద్గారాలను నికరంగా శూన్యానికి చేర్చడం రైల్వేల లక్ష్యం.

దీని ఫలితంగా డీజిల్ ఇంజన్లకు ప్రధాన మార్గాలలో పని తగ్గింది. కొన్ని డీజిల్ ఇంజన్లను విద్యుత్ ఇంజన్లుగా మార్చే ప్రయత్నం జరిగింది. రెండు పాత డీజిల్ ఇంజన్లను జంటగా చేసి 10,000 అశ్వశక్తి గల విద్యుత్ ఇంజనుగా మార్చిన డబ్ల్యుఎజిసి-3ని 2019 ఫిబ్రవరి 19న వారణాసిలో ప్రధానమంత్రి ప్రారంభించారు. మరికొన్ని డీజిల్ ఇంజన్లు పొరుగు దేశాలకు వెళ్లాయి. బంగ్లాదేశ్‌కు 2020 జూలైలో 10, 2023 మేలో 20 బ్రాడ్‌గేజి డీజిల్ ఇంజన్లను భారత్ అందజేసింది.

షంటింగు ఇంజనుకు విద్యుదీకరణ వల్ల కలిగిన పోటీ రెండు వైపుల నుండి వచ్చింది. మొదటిది, తీగలు ఉన్న యార్డులలో పాత విద్యుత్ ఇంజన్లనే షంటింగుకు వాడడం. రెండవది అంతగా దృష్టికి రానిది. ప్రధాన మార్గాలలో పని కోల్పోయిన 3,100 అశ్వశక్తి గల డబ్ల్యుడిఎమ్-3ఎ వంటి పెద్ద డీజిల్ ఇంజన్లు యార్డులకు వచ్చి చేరడం. అవి ఇప్పటికే చేతిలో ఉన్నవి కనుక కొత్తగా కొనవలసిన ఖర్చు లేదు. అయితే యార్డులో ఇంజను ఎక్కువసేపు ఖాళీగా తిరుగుతూ నిలుచుంటుంది. 16 సిలిండర్ల యంత్రం అలా నిలుచుంటే 6 సిలిండర్ల యంత్రం కంటే ఎక్కువ ఇంధనం తాగుతుంది. ఈ నష్టాన్ని తగ్గించడానికి కొన్ని డీజిల్ ఇంజన్లలో చిన్న సహాయక యంత్రాలను అమర్చారు. పెద్ద యంత్రాన్ని ఆపి, బ్యాటరీని, గాలి ఒత్తిడిని చిన్న యంత్రంతో నిలుపుకోవడం వాటి ఉద్దేశం.

అవసరం తగ్గడానికి ఇతర కారణాలు

షంటింగు తగ్గుదల విద్యుదీకరణతో మొదలు కాలేదు. అది అంతకు ముందు నుండే ఉన్నది. పూర్వం ఒక్కొక్క వ్యాపారి ఒకటి రెండు వ్యాగన్ల సరకు పంపేవాడు. ఆ వ్యాగన్లను పెద్ద యార్డులలో గమ్యాన్ని బట్టి వేరుచేసి, తిరిగి బండ్లుగా కూర్చేవారు. 1980ల నుండి రైల్వేలు ఒకే చోట నిండి ఒకే చోట ఖాళీ అయ్యే పూర్తి బండ్లకు ప్రాధాన్యం ఇచ్చాయి. దానితో వ్యాగన్లను వేరుచేసే పెద్ద యార్డుల పని క్షీణించింది.

సరకు ఎత్తి దించే సమయంలో ప్రధాన ఇంజను అక్కడే వేచి ఉండి, అదే ఇంజను బండిని తీసుకొనిపోయే 'ఇంజన్ ఆన్ లోడ్' పద్ధతి కూడా ప్రత్యేక షంటింగు ఇంజను అవసరాన్ని తగ్గించింది. 2021 డిసెంబరులో వచ్చిన గతిశక్తి కార్గో టెర్మినళ్ల విధానం కింద నిర్మించే కొత్త టెర్మినళ్లలో బండి మొత్తం ఒకేసారి లోపలికి వచ్చేటట్లు లైన్లను అమర్చుకోవడం మేలు.

అవసరం మిగిలిన చోట్లు

ఇన్ని మార్పుల తరువాత కూడా తీగ అవసరం లేని ఇంజనుకు కొన్ని చోట్ల ప్రత్యామ్నాయం సులభం కాదు.

సరకు నింపే లైన్లు: తెరిచి ఉన్న వ్యాగన్లలో బొగ్గును, ఖనిజాన్ని పైనుండి యంత్రాలతో నింపుతారు. లైనుపై 25,000 వోల్టుల తీగ ఉంటే ఆ యంత్రం చేయి దానికి తగిలే ప్రమాదం ఉన్నది. గనుల వద్ద, ఓడరేవులలో, ఉక్కు కర్మాగారాలలో డీజిల్ నిలవడానికి కారణం ఇదే. ఇక్కడ సమస్య తీగకు అయ్యే ఖర్చు కాదు, తీగ ఉండడమే. ఒక ఉపాయం ఏమనగా, విద్యుత్ ఇంజను తీగ ఉన్న చోటనే ఉండి బండిని వెనుక నుండి నెట్టడం. అయితే 58 వ్యాగన్ల బొగ్గు బండి పొడవు 600 మీటర్లకు పైగా ఉంటుంది. అంత పొడవైన తిన్నని లైను ఉన్న చోటనే ఇది సాధ్యం.

నిర్వహణ లైన్లు: పెట్టెల పైకప్పుపై మనుషులు ఎక్కి పని చేసే చోట, క్రేన్లు పెట్టెలను ఎత్తే కర్మాగారాలలో తీగ ఉండరాదు, లేదా దానిలో విద్యుత్తు నిలిపివేయాలి. 1893లో స్థాపించబడిన లాలాగూడ వర్క్‌షాపు వంటి చోట్ల పెట్టెలను కదపడానికి స్వయంగా నడిచే ఇంజను కావాలి.

ప్రమాదాలు: 2019 నవంబరు 11న కాచిగూడ స్టేషనులో ఒక ఎంఎంటీఎస్ బండి, కర్నూలు నుండి వచ్చిన ఇంటర్‌సిటీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొన్నది. క్యాబినులో చిక్కుకున్న ఎంఎంటీఎస్ లోకో పైలట్‌ను గంటల కొద్దీ శ్రమించి బయటకు తీశారు. ఆయన కొద్ది రోజుల తరువాత ఆసుపత్రిలో మరణించాడు. ఇటువంటి సమయాలలో ఇనుము కోసేవారు, క్రేన్లు పని చేయడానికి ముందుగా పైతీగలో విద్యుత్తు ఆపివేయాలి. అప్పుడు విద్యుత్ ఇంజన్లు కదలలేవు. పట్టాలు తప్పని పెట్టెలను వెనుకకు లాగి చోటు కల్పించవలసినది డీజిల్ ఇంజనే.

వరదలు, తుఫానులు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో విద్యుత్ వ్యవస్థను కుప్పకూల్చింది. 2024 సెప్టెంబరు 1న భారీ వర్షాలకు మహబూబాబాద్ ప్రాంతంలో ఇంటికన్నె - కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకొనిపోయి, సికింద్రాబాదు - విజయవాడ మార్గంలో రాకపోకలు కొన్ని రోజులు నిలిచిపోయాయి. కట్ట కోసుకుపోయినప్పుడు తీగను మోసే స్తంభాలు కూడా నిలబడవు. కంకర, రాయి, పట్టాలు మోసుకొని మొదట అక్కడికి చేరవలసిన బండికి డీజిల్ ఇంజనే ఆధారం. కోస్తా తీరం పొడవునా తుఫానులు వచ్చే రాష్ట్రానికి ఇది అరుదైన సందర్భం కాదు.

భద్రత

షంటింగులో యంత్రం కంటే మనిషికి ప్రమాదం ఎక్కువ. ఇంజనుకు, పెట్టెకు మధ్య నిలబడి కప్లింగు, గాలి గొట్టాలు కలిపే పని ఇప్పటికీ చేతితోనే జరుగుతున్నది. 2024 నవంబరు 9న బీహారులోని బరౌని జంక్షనులో ఇంజనుకు, పెట్టెకు మధ్య నలిగి ఒక షంటింగు కార్మికుడు మరణించాడు. ఈ దుర్ఘటన దేశమంతటా చర్చకు వచ్చింది.

ఇటువంటి ప్రమాదాలలో ఇంజను డీజిలా, విద్యుత్తా అన్నదాని కంటే, లోకో పైలట్‌కు వెనుక ఉన్న మనిషి కనబడుతున్నాడా, ఇద్దరి మధ్య సంకేతాలు సరిగా అందుతున్నాయా అన్నది ముఖ్యం. ప్రధాన మార్గపు పొడవైన ఇంజన్లు ముందుకు చూసే విధంగా కట్టినవి. వాటిని యార్డులో వెనుకకు నడిపినప్పుడు పొడవైన హుడ్ చూపుకు అడ్డు వస్తుంది. పాత విద్యుత్ ఇంజన్లకు రెండు చివరలా క్యాబిన్లు ఉన్నా, ప్రతిసారి దిశ మారినప్పుడు క్యాబిను మారవలసి ఉంటుంది. మారకుండా నడిపితే చూపు ఉండదు. చేతిలో మిగిలిన ఏదో ఒక ఇంజనును షంటింగుకు పంపడం పొదుపుగా కనిపించినా, దానిలో ఈ లోపం ఉన్నదని గుర్తుంచుకోవాలి.

ప్రత్యామ్నాయాలు

బ్యాటరీ ఇంజన్లు: పశ్చిమ మధ్య రైల్వేలోని జబల్‌పూర్ డివిజను 2020 జూలైలో 'నవదూత్' అనే ఇంజనును రూపొందించింది. ఇది పైతీగతోను, బ్యాటరీతోను నడవగలదు. తీగ ఉన్న చోట దానితో నడిచి, తీగ లేని చిన్న దూరాలను బ్యాటరీతో దాటడం దీని సూత్రం. షంటింగులో దూరాలు తక్కువ కనుక బ్యాటరీకి ఇది అనువైన పని. రోజంతా తీగ లేని యార్డులోనే పని చేసే చోట మాత్రం బ్యాటరీ సామర్థ్యం సమస్య అవుతుంది.

ద్వంద్వ చోదక ఇంజన్లు: ఒకే చట్రంపై విద్యుత్ పరికరాలను, డీజిల్ యంత్రాన్ని కలిపి అమర్చడం మరొక మార్గం. స్విట్జర్లాండ్ రైల్వేలు ఈఈఎమ్ 923 తరగతిలో దీనిని అనుసరించాయి. ఆ ఇంజను సాధారణంగా తీగతో నడుస్తుంది. చివరి కొద్ది దూరానికి మాత్రం దానిలోని చిన్న డీజిల్ యంత్రం పని చేస్తుంది.

పాతవాటిని నిలుపుకోవడం: బ్రిటన్‌లో 1952 - 1962 మధ్య 996 ఇంజన్లు తయారైన 08 తరగతి షంటింగు ఇంజన్లలో కొన్ని అరవై ఏళ్ళు దాటినా పనిలో ఉన్నాయి. నెమ్మదిగా నడిచే ఇంజను అరుగుదల తక్కువ అనడానికి ఇది ఉదాహరణ. అయితే ఆల్కో యంత్రాల విషయంలో విడిభాగాల సరఫరా, వాటిని మరమ్మతు చేయగల నిపుణుల కొరత క్రమంగా పెరుగుతాయి. డీజిల్ షెడ్డులు విద్యుత్ ఇంజన్ల నిర్వహణకు మారుతున్న కొద్దీ ఈ సమస్య తీవ్రమవుతుంది.

విశ్లేషణ

పై విషయాలను బట్టి మూడు అంశాలను గుర్తించవచ్చు.

మొదటిది, విద్యుదీకరణ శాతం మార్గాల లెక్క. రెండు స్టేషన్ల మధ్య ప్రధాన మార్గానికి తీగ వేస్తే ఆ మార్గం విద్యుదీకరణ పొందినట్లే. ఆ స్టేషన్ల పక్కనున్న గోదాము లైన్లు, కర్మాగారాల సొంత లైన్లు ఆ శాతంలో కనిపించవు. కనుక నూరు శాతం విద్యుదీకరణ అంటే డీజిల్ ఇంజను లేని రైల్వే అని అర్థం కాదు.

రెండవది, షంటింగు ఇంజన్ల సంఖ్య తగ్గడం సహజమే గాని, ఎన్ని మిగలాలి అన్నది ఇంధన ఖర్చు ఒక్కదానితో నిర్ణయించదగినది కాదు. రోజువారీ పనికి అవసరమైనవి వేరు, తుఫాను లేదా ప్రమాదం వచ్చిన రోజున కావలసినవి వేరు. రెండవ రకం ఇంజన్లు సంవత్సరంలో అధిక భాగం ఖాళీగా కనిపిస్తాయి. అవి ఖాళీగా ఉన్నాయని తీసివేస్తే, కావలసిన రోజున దొరకవు. వాటిని ఎక్కడెక్కడ ఉంచాలి, నడిపే సిబ్బందికి అభ్యాసం తప్పకుండా ఎలా చూడాలి అన్నవి ముందుగా ఆలోచించవలసిన విషయాలు.

మూడవది సిబ్బందికి సంబంధించినది. నిర్ణీత కూర్పు గల బండ్లు పెరిగే కొద్దీ యార్డులలో కప్లింగు పని తగ్గుతుంది. ఇది కార్మికుల ప్రాణ భద్రతకు మంచిది. అదే సమయంలో లోకో పైలట్‌కు నెమ్మదిగా, తక్కువ దూరంలో, తప్పు జరిగినా సరిదిద్దుకొనే అవకాశంతో ఇంజనుపై పట్టు నేర్పే మెట్టు కూడా సన్నబడుతుంది. ఆ నేర్పును శిక్షణ కేంద్రాలలోని సిమ్యులేటర్ల ద్వారా ఎంతవరకు భర్తీ చేయగలరన్నది రాబోయే నియామకాలలో చేరే యువకులకు, వారు నడిపే బండ్లలోని ప్రయాణికులకు కూడా సంబంధించిన ప్రశ్న.

1940లలో డీజిల్ ఇంజను భారతదేశపు బ్రాడ్‌గేజిపై యార్డు ద్వారా ప్రవేశించింది. ప్రధాన మార్గాల నుండి అది దాదాపు తప్పుకున్నా, యార్డులలో, గనులలో, ఓడరేవులలో మరికొంతకాలం నిలుస్తుంది. బ్యాటరీతో గాని, ద్వంద్వ చోదక శక్తితో గాని పని చేసే కొత్త షంటింగు ఇంజన్లు తగినన్ని వచ్చేవరకు డబ్ల్యుడిఎస్-6 వంటి ఇంజన్ల పని పూర్తిగా ముగిసినట్లు కాదు.

ఇవి కూడా చూడండి

* దక్షిణ మధ్య రైల్వే
* కాచిగూడ రైల్వే స్టేషను
* లాలాగూడ వర్క్‌షాపు
* హైదరాబాదు మెట్రో
* బనారస్ లోకోమోటివ్ వర్క్స్
* రామగుండం థర్మల్ విద్యుత్ కేంద్రం